రక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: ఒక మిస్టీర్ యుద్ధవిమానం తిరిగి రాలేదు

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య గారి గురించి మీకు తెలిసే ఉంటుంది. కొడగు బిడ్డ. పైలట్లకు విమానం నడపడం నేర్పిన గురువు. భార్య సుందరి గారు, ఇద్దరు చిన్న కూతుళ్లు ఆయన కుటుంబం.

1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరంపై దాడికి వెళ్లాల్సిన పన్నెండుగురిలో ఆయన లేరు. అదనంగా సిద్ధంగా ఉండమన్నారు, అంతే. అయినా బయలుదేరారు. తిరుగుదారిలో పాకిస్తాన్‌కు చెందిన ఒక స్టార్‌ఫైటర్ ఎదురైంది. ధ్వనికి రెట్టింపు వేగంతో పోగల విమానం అది. దాని ముందు ఆయన నడిపిన పాత మిస్టీర్ ఏపాటిది? తూటాలు తగిలిన ఆ మిస్టీర్‌నే తిప్పి, వెంటపడిన విమానాన్ని కూల్చారాయన. తాను మాత్రం ఇల్లు చేరలేదు.

ఇంటికి అందిన కబురు ఒక్కటే: ఆచూకీ లేదు. గుమ్మం వైపు చూసే ఇద్దరు పసిపిల్లలకు ఆ తల్లి ఏమని చెప్పి ఉంటుంది?

అసలు సంగతి బయటికి తెచ్చింది మన దస్త్రాలు కావు. పాకిస్తాన్ వైమానిక దళంపై ఒక ఆంగ్ల రచయిత 1979లో వెలువరించిన పుస్తకం. మహావీర చక్ర 1988లో వచ్చింది. ఇరవై మూడేళ్లు! ఈ ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే అడుగుతున్నాను. 1965, 1971 యుద్ధాల్లో తిరిగిరాని వైమానికుల దస్త్రాలను వారి కుటుంబాలకు చూపించండి. భార్యలు, తోబుట్టువులు బతికి ఉండగానే చూపించండి.

భవదీయుడు,
ఒక పౌరుడు