మంచం పక్కన ఒక కాగితం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. వార్డు డ్యూటీ వదిలి, ఏళ్ల తరబడి మంచానికే పరిమితమైన రోగుల సంరక్షణను సమన్వయం చేసే బాధ్యత తీసుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. అయితే, "ఈ పనిలో నేను నిజంగా చేయవలసింది ఏమిటి, రోజంతా అందరికీ ఫోన్లు చేయడమేనా?" అని నువ్వు అడిగిన ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. ఈ రోజు తీరిక దొరికింది కాబట్టి స్థిమితంగా కూర్చుని రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైతే ఓపికగా చదువు.

వార్డులో మన చేతికి వచ్చే రోగికి సాధారణంగా ప్రధానమైన జబ్బు ఒకటి, చూసే డాక్టరు ఒకరు, కేస్ షీటు ఒకటి ఉంటాయి. ఇక మీదట నీకు ఎదురయ్యేవారికి అవి నాలుగైదేసి ఉంటాయి. పక్షవాతం వచ్చిన మనిషికే ఫిట్స్ ఉంటాయి, మింగలేక ఫీడింగ్ ట్యూబు ఉంటుంది, మూత్రం బయటికి రావడానికి గొట్టం (కాథెటర్) ఉంటుంది, మధుమేహం ఉంటుంది, నడుము కింద మానని పుండు ఉంటుంది. ఒక్కొక్క దానికి ఒక్కొక్క నిపుణుడు ఉంటాడు, ఎవరి పని వారు సవ్యంగానే చేస్తారు, అయినా రోగికి నష్టం జరుగుతుంది. ఈ చివరి మాట నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఎక్కడైనా ఏదైనా చెడితే ఎవరో ఒకరు పొరపాటు చేసి ఉంటారని వెతకడం మనకు అలవాటు. ఈ పనిలో చాలాసార్లు అలాంటివారు ఎవరూ దొరకరు.

ఒక సంగతి చెప్తాను. ఫిట్స్ రాకుండా ఫెనిటోయిన్ వాడుతున్న ఒక రోగికి గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నారు. ఆహారంతో కలిస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు కాబట్టి, మందుకు ముందూ తర్వాతా గంట రెండు గంటల పాటు ఫీడింగు ఆపడం మనకు తెలిసిన పద్ధతే. ఆయన బరువు తగ్గిపోతున్నాడని డైటీషియన్ పంపు పెట్టించి, రోజంతా ఆగకుండా ఆహారం వెళ్లే ఏర్పాటు చేశారు. బరువు సంగతి చూసుకుంటే అది మంచి నిర్ణయమే. కొన్ని వారాలకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి, రక్తపరీక్షలో మందు తక్కువగా ఉందని చూసి న్యూరాలజిస్టు మోతాదు పెంచారు. ఆయన ముందున్న రిపోర్టును బట్టి అదీ సబబే. ఆ తర్వాత, పగలు రోగి కుర్చీలో కూర్చోవడానికి అడ్డంగా ఉందని పంపును రాత్రి వేళకే పరిమితం చేశారు. అంతటితో పెంచిన మోతాదంతా ఒంటికి పట్టడం మొదలైంది. మోతాదు కొద్దిగా పెరిగినా రక్తంలో దాని పరిమాణం అంతకు మించి చాలా ఎక్కువగా పెరిగే స్వభావం ఆ మందుకు ఉందని నీకు తెలుసు. మనిషి మగతగా, కనుగుడ్లు అదురుతూ, తల నిలపలేని స్థితిలో మళ్లీ ఆసుపత్రికి చేరాడు. ముగ్గురూ సరైన పనే చేశారు. ఆ మూడు నిర్ణయాలనూ ఒకేచోట పెట్టి చూడవలసిన నాలుగో మనిషి లేకపోయాడు. నువ్వు ఇప్పుడు తీసుకున్న ఉద్యోగం ఆ నాలుగో మనిషిది. ఫోన్లు చేయవలసి వస్తుంది, నిజమే, కానీ ఒకరు తీసుకున్న నిర్ణయం మరొకరి లెక్కను ఎక్కడ తారుమారు చేస్తుందో ముందుగా చూడగలిగితేనే ఆ ఫోనుకు విలువ.

ఇక నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. దాన్ని నేను ఇంతవరకు ఎవరికీ పూర్తిగా రాయలేదు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని, ఛాతీ కింద స్పర్శ లేని ఒక యువకుడి సంరక్షణ నా బాధ్యతలో ఉండేది. అతన్ని రాత్రింబవళ్లు తల్లే చూసుకునేది. ఆమె ఒక్క రాత్రైనా కంటినిండా నిద్రపోవాలని నేనే పట్టుబట్టి, రాత్రి డ్యూటీకి ఒక కొత్త సహాయకురాలిని ఏర్పాటు చేశాను. ఛాతీ ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ అంతకు పైన గానీ వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. మూత్రాశయం నిండిపోయినా, మలం గట్టిపడినా, బట్ట ఎక్కడైనా గట్టిగా బిగుసుకున్నా, ఆ బాధ మనిషికి తెలియదు కానీ శరీరానికి తెలుస్తుంది, బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. అర్ధరాత్రి దాటాక ఆ అబ్బాయి తల పగిలిపోతోందన్నాడు. ముఖం ఎర్రబడి చెమటలు పట్టాయి. సహాయకురాలు పారాసిటమాల్ ఇచ్చి, విశ్రాంతిగా ఉంటుందని తలగడ తీసి వెల్లకిలా పడుకోబెట్టింది. ఆ స్థితిలో చేయకూడనిది సరిగ్గా అదే. అలికిడికి లేచి వచ్చిన తల్లి అతన్ని నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, బట్టలు వదులు చేసి, దుప్పటి తీసి చూసింది. యూరిన్ బ్యాగు గొట్టం తొడ కింద నలిగి ఉంది. సరిచేయగానే మూత్రం దిగింది, కొద్ది నిమిషాల్లో తలనొప్పి తగ్గింది. ఆమె ఆ క్షణంలో రాకపోయి ఉంటే మెదడులో రక్తస్రావం జరిగి ఉండేది కావచ్చు.

ఇందులో ఆ సహాయకురాలిని ఒక్క మాట అనడానికి లేదు. తలనొప్పి వచ్చిన మనిషికి ఎవరైనా చేసే పనే ఆమె చేసింది. ఆ ప్రమాదం గురించి, చేయవలసిన పనుల గురించి సంరక్షణ ప్రణాళికలో చక్కగా రాసి ఉంది. రాసింది నేనే. అది తొమ్మిదో పేజీలో ఉంది. ఆ ఫైలు బీరువాలో ఉంది.

ఆ రోజు నుంచి నేను ప్రతి రోగికీ ఒకే ఒక కాగితం తయారుచేసి మంచం పక్కన కంటికి కనబడేలా పెట్టిస్తున్నాను. దాన్ని మొదటిసారి ఇంటికి వచ్చిన మనిషి, రాత్రి రెండు గంటల వేళ, కంగారులో చదువుతున్నట్టు ఊహించుకుని రాస్తాను. ఈ మనిషికి ప్రాణాపాయం ఏ రూపంలో వస్తుంది, వస్తే మొదట చేయవలసింది ఏమిటి, చేయకూడనిది ఏమిటి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి పై సగంలో ఉంటాయి. కింది సగంలో అతని మామూలు స్థితి రాస్తాను. ఈ కింది సగం ఎంత ముఖ్యమో చాలామంది గ్రహించరు. ఆ అబ్బాయి మామూలు పైబీపీ 100 దగ్గరే ఉంటుంది. 140 ఉందంటే వేరేవారి విషయంలో ఎవరూ పట్టించుకోకపోవచ్చు గానీ, అతని విషయంలో అది ప్రమాద సూచన. మాట్లాడలేని రోగి నొప్పి వచ్చినప్పుడు కళ్లు మూసుకుంటాడా, పళ్లు కొరుకుతాడా అన్నది అక్కడ లేకపోతే కొత్తవారికి ఎలా తెలుస్తుంది? ట్రకియాస్టమీ (ఊపిరి కోసం మెడ ముందు భాగంలో చేసిన రంధ్రం) ఉన్నవారి కాగితంలో ట్యూబు సైజుతో పాటు, అదే సైజుది ఒకటీ, ఒక సైజు చిన్నది ఒకటీ ఏ అరలో ఉన్నాయో కూడా రాస్తాను. ట్యూబు ఊడిపోయినప్పుడు వెతుక్కునే సమయం ఉండదు.

ఆ కాగితం రోగితో పాటు ఆసుపత్రికి కూడా వెళ్లాలి. మన రోగులకు ఎక్కువ నష్టం జరిగేది ఒక చోటి నుంచి మరో చోటికి మారేటప్పుడే. పార్కిన్‌సన్ జబ్బు ఉన్నవారిని చూడు. మెదడులో తగ్గిన డోపమైన్‌ను భర్తీ చేసే లెవోడోపా మందు వారికి గడియారం ప్రకారం, అరగంట అటూ ఇటూ కాకుండా పడాలి. వార్డులో మందులిచ్చే వేళలు వార్డు సౌకర్యాన్ని బట్టి ఉంటాయి. రెండు మోతాదులు ఆలస్యమైతే నడుచుకుంటూ వచ్చిన మనిషి పక్కకు తిరగలేని స్థితికి వస్తాడు, అది చూసి కొత్త జబ్బేదో వచ్చిందని పరీక్షలు మొదలవుతాయి. వాంతులవుతున్నాయని మెటోక్లోప్రమైడ్ ఇస్తే మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుని పరిస్థితిని ఇంకా దిగజారుస్తుంది. అందుకే రోగి అడ్మిట్ అయిన గంటలోనే ఆ వార్డు నర్సుతో నువ్వే మాట్లాడు. డిశ్చార్జి అప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. ఇంట్లో వాడుతున్న మందులు, ఆసుపత్రిలో ఆపినవి, కొత్తగా మొదలుపెట్టినవి, మూడు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని, ప్రతి తేడాకూ కారణం అడుగు. కారణం ఎవరూ చెప్పలేని తేడా ఒకటి తరచుగా బయటపడుతుంది. గొట్టం ద్వారా ఇవ్వవలసిన మాత్రల్లో నెమ్మదిగా విడుదలయ్యే రకం ఉందేమో కూడా చూడు. దాన్ని పొడి చేస్తే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి పోతుంది.

నిపుణుల మధ్య వచ్చే భేదాల గురించి కూడా అడిగావు. పడకపుండు మానాలంటే దాని మీద బరువు పడకూడదని పుండ్లను చూసే నర్సు అంటుంది. ఊపిరితిత్తుల కోసం, కండరాల కోసం ఎక్కువసేపు కుర్చీలో కూర్చోవాలని ఫిజియోథెరపిస్టు అంటారు. ట్యూబు ఫీడింగు నడుస్తున్నంతసేపూ తల 30 నుంచి 45 డిగ్రీల ఎత్తున ఉండాలంటాం, అలా ఉంచితే శరీరం కిందికి జారి నడుము దగ్గరి చర్మం ఒరుసుకుంటుంది. రెండు గంటలకోసారి పక్క మార్చమని రాస్తాం, కానీ అలా మారిస్తే రోగికీ, మార్చేవారికీ నిద్ర ఉండదు. వీటిలో దేన్నీ పూర్తిగా కొట్టిపారేయలేం. నా అనుభవంలో పనికొచ్చిన మార్గం ఒక్కటే. అందరినీ ఒకేచోట, వీలుంటే రోగి మంచం దగ్గరే కూర్చోబెట్టి, "మీ రోజులో మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి?" అని మొదట రోగిని అడగడం. సాయంత్రం మనవరాలు వచ్చే గంట కుర్చీలో కూర్చుని ఉండాలని ఒక పెద్దావిడ చెప్పింది. ఆ గంటను అలాగే ఉంచి మిగిలిన రోజునంతా దాని చుట్టూ సర్దాం. మంచి పరుపు తెప్పించి, చర్మాన్ని రోజూ పరీక్షిస్తూ, రాత్రి పక్క మార్చే విరామాన్ని జాగ్రత్తగా పెంచాం. ఆమె అడగకపోతే ఆ గంట ఎవరి చార్టులోనూ ఉండేది కాదు.

ఇంట్లో చూసుకునేవారి సంగతి నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను. భార్యో, తల్లో, కొడుకో రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో నీ నోట్‌బుక్కులో బీపీ పక్కనే రాసుకో. వారి నడుము నొప్పిని, వారు ఆపేసిన సొంత మందులను కూడా అడుగు. సంరక్షకుల భారాన్ని కొలిచే ప్రశ్నావళులు 1980 నుంచే ఉన్నాయి, వాటిని వాడు, కానీ వంటగదిలో నిలబడి పది నిమిషాలు మాట్లాడితే అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది. సక్షన్ చేయడం (గొంతులో చేరిన కఫాన్ని యంత్రంతో లాగడం), ట్యూబు శుభ్రం చేయడం నేర్పినప్పుడు "అర్థమైందా?" అని అడగవద్దు. వారిచేత చేయించి చూడు.

నర్సుగా మొదలై, తర్వాత ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ పైన డాక్టరైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో, జీవితపు చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను తెరిచింది. రోగి పడే బాధలో శరీరానిది, మనసుది, కుటుంబానిది, విశ్వాసానిది అంతా కలిసే ఉంటుందని ఆమె చెప్పగలిగింది. మూడు ఉద్యోగాల చూపూ ఒక్క మనిషిలో ఉండటం వల్లనే ఆమెకు అది కనబడిందని నా నమ్మకం. నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బూర్ట్‌జోర్గ్ సంస్థలో కూడా పన్నెండు మందికి మించని నర్సుల బృందం ఒక్కొక్క పేటను చూసుకుంటుంది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క మనిషి రాకుండా, రోగికి తెలిసిన కొద్దిమంది నర్సులే వీలైనంతవరకు అన్నీ చేస్తారు. మనకు అంతటి ఏర్పాటు లేకపోయినా, ఒక ఇంటికి వెళ్లే కొత్త ముఖాల సంఖ్యను తగ్గించడం నీ చేతిలో ఉంటుంది.

ఇక నీకు అప్పగించిన మొదటి రోగి, మోటార్ న్యూరాన్ జబ్బు (కదలిక, మాట, మింగడం, ఊపిరి క్రమంగా బలహీనపడే నరాల జబ్బు) ఉన్న ఆ టీచరుగారి సంగతి. ఆమె ఇంకా స్పష్టంగా మాట్లాడుతోందని, అందుకే ప్రస్తుతం తొందరేమీ లేదని రాశావు. ఆ ఒక్క విషయంలో నీతో ఏకీభవించలేను. మింగడం పూర్తిగా ఆగేదాకా ఎదురుచూస్తే ఈలోపు ఊపిరి కూడా బలహీనపడుతుంది, అప్పుడు పొట్టలోకి ఫీడింగ్ ట్యూబు వేయడం కూడా ప్రమాదకరమవుతుంది. కాబట్టి ఆ చర్చ ఇప్పుడే జరగాలి. ఊపిరి యంత్రం కావాలా వద్దా, ఎంతవరకు కావాలి, ఆమె చెప్పలేని రోజున ఆమె తరఫున ఎవరు మాట్లాడాలి అన్నవి ఆమె నోటితోనే విని, ఆమె మాటల్లోనే రాసి పెట్టు. ఒక్క రోజులో అన్నీ అడగవద్దు, అలసట వచ్చినప్పుడు ఆపెయ్యి. తర్వాత మాట్లాడే యంత్రంలో ఆమె గొంతే వినిపించేలా ఇప్పుడే రికార్డు చేసుకునే వీలుంది. స్పీచ్ థెరపిస్టుతో మాట్లాడి ఆ పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టించు. పిల్లలకు పాఠం చెప్పిన గొంతు అది.

నీ నేస్తం