పెద్దత్త తీసిన చీటీ

నరసరావుపేట
20-4-2025

చిరంజీవి సుధకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమ సమాచారాలు తెలియజేయవలెను.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. మాట్లాడుకోవడం అంటే ఏముందమ్మా, "తిన్నావా" అని మేము, "తిన్నాను, మీటింగ్ ఉంది" అని నువ్వు. మార్చి నెలాఖరు నుంచి ఆ మీటింగులు మరీ ఎక్కువయ్యాయి. అందుకే తీరిగ్గా కూర్చుని కాగితం మీద రాసి, ఫొటోలు తీసి పంపుతున్నాను. ప్రత్యేకించి విషయమంటూ ఏమీ లేదు. వీలున్నప్పుడు చదువుకో.

ఎండలు ముదిరాయి. మీ అమ్మ ఆవకాయ హడావిడిలో ఉంది. కారానికి ఈసారి లోటు లేదు, శేఖర్ బాబాయి తన చేలో కాయలు ఒక గోతం తెచ్చి పడేసి పోయాడు. అమ్మితే కోత కూలి కూడా గిట్టడం లేదట. ధర బాగున్న రోజులు చూసి అందరూ మిర్చే వేశారు, తీరా పంట చేతికొచ్చేసరికి ధర కూలింది. రైతులు గోల పెట్టాక ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించింది. అదే బాబాయి, అదే చేను, అదే కష్టం. ధర ఉన్నప్పుడు తెలివైన రైతు అన్నవాళ్లే ఇప్పుడు ఆశపోతు అంటున్నారు.

అన్నట్టు రాజ్యం పిన్ని మొన్న ఆదివారం వచ్చింది, పెళ్లి పిలుపులకు. కూర్చున్నది కాఫీ తాగినంత సేపే, మోసుకొచ్చిన కబుర్లు మాత్రం బస్తాడు. అందులో నీ మాట ఒకటి. నీకు ఈసారి కూడా హెచ్1బీ వీసా లాటరీ తగల్లేదని, అమెరికాలో ఉండిపోవడానికి మళ్లీ ఏదో కాలేజీలో చేరబోతున్నావని డాలస్‌లో ఎవరో కిశోర్‌తో అన్నారట. ఎవరో చెబితే కిశోర్ విన్నాడు, కిశోర్ చెబితే పిన్ని విన్నది, పిన్ని చెబితే మీ అమ్మ విన్నది. నా దాకా వచ్చేసరికి నువ్వు ఆ కాలేజీకి డబ్బు కట్టేసినట్టే అయింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. మీ అమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

పట్టించుకోకపోయినా లెక్క వేయకుండా ఉండలేను కదా, జన్మంతా కాలువల ఆఫీసులో చేసిన బుద్ధి. ఏడాదికి ఇచ్చే వీసాలు 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000. నీ పేరు ముందు పెద్ద కుప్పలో కలుపుతారు, అందులో రాకపోతే రెండో కుప్పలో చూస్తారు. కిందటేడు లెక్కలోకి తీసుకున్న దరఖాస్తులు 4,70,342, ఎంపికైనవి 1,35,137. పదింట మూడు కూడా నిండా లేవు. అంతకు ముందటేడు మరీ అన్యాయం, నాలుగింట ఒకటి. నీకు మాస్టర్స్ ఉంది కాబట్టి కాస్త ఎక్కువే వేసుకుని, ఏడాదికి పదింట మూడు అనుకుందాం. వరసగా మూడేళ్లూ రాకుండా పోయేవాళ్లు ఎంతమందో గుణించి చూశాను. ముగ్గురిలో ఒకరు! అంతమందికీ చదువు రాదా? పని రాదా? ఆ కంప్యూటర్ మార్కుల జాబితా చూడదు, రాత్రి ఎంతసేపు ఆఫీసులో కూర్చున్నావో చూడదు. కుప్పలోంచి పేర్లు తీస్తుంది, అంతే.

ఇంకో సంగతి. 2023లోనూ, 2024లోనూ వేసవి చివర రెండో విడత కూడా తీశారు. కాబట్టి పిన్ని మాట నిజమే అయినా, నిజమని నేను అనడం లేదు, ఆగస్టు దాకా తలుపు మూసినట్టు కాదు. ఇది నీకు తెలియక కాదు, నాకు తెలుసని చెప్పడానికి రాశాను.

సరే, ఆ గొడవ వదిలెయ్. గుంటూరు వెళ్లి మీ పెద్దత్తను చూసి వచ్చాను. కంటి ఆపరేషన్ బాగా జరిగింది. నీ గురించే అడిగింది. ఆమె చీటీ కథ నువ్వు చిన్నప్పటి నుంచీ ముక్కలు ముక్కలుగా విన్నదే, మొత్తం ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు.

1954లో తాతయ్య, పెద్ద తాతయ్య వేరుపడ్డారు. నేనప్పటికి పుట్టలేదు, ఇదంతా నానమ్మ చెప్పగా విన్నది. ఉన్నవి రెండు ముక్కలు. ఊరికి ఆనుకుని మెరక చేను, ఏడు ఎకరాలు, అందులో మోటబావి. వాగు పక్కన పల్లపు చేను. వాన పడితే నీరు నిలిచి జొన్న కుళ్లిపోయేది, బండి దారి కూడా సరిగా ఉండేది కాదు. అందుకని పల్లపు చేను తీసుకునేవారికి రెండెకరాలు ఎక్కువ వచ్చేట్టు పెద్దమనుషులు కుదిర్చారు. అయినా ఇద్దరికీ మెరక చేనే కావాలి. చివరికి చీటీలు వేద్దామన్నారు.

రామాలయం అరుగు మీద కూర్చున్నారు. కరణం గారు రెండు కాగితాలు రాసి, మడిచి, పసుపు అద్ది ఇత్తడి చెంబులో వేశారు. చీటీ తీయడానికి చిన్నపిల్ల కావాలి కదా, మీ పెద్దత్తకు అయిదేళ్లు. కొత్త పరికిణీ కట్టి తీసుకెళ్లారు. తాతయ్య పేరు మీద ఒకటి తీయమ్మా అన్నారు. ఆ పిల్ల చెంబులో చెయ్యి పెట్టి రెండూ గుప్పిట పట్టి లాగింది. చెయ్యి బయటికి వస్తుండగా ఒకటి జారి అరుగు మీద పడింది. పడ్డదే లెక్క అని ఒకరు, చేతిలో మిగిలిందే లెక్క అని మరొకరు. ఈ వాదన తెగకముందే ఎవరో విప్పి చూసేశారు. చేతిలో ఉన్నది పల్లపు చేను. తాతయ్య ఒప్పుకోలేదు, రెండూ కలిసి వచ్చాక అది తీసినట్టే కాదన్నాడు. పెద్ద తాతయ్య కండువా దులుపుకుని లేచిపోబోతే పట్టుకుని కూర్చోబెట్టారు. మళ్లీ మడిచి మళ్లీ వేశారు. ఈసారి అక్క అడుగు నుంచి ఒక్కటే తీసింది. మెరక చేను! ఆ సాయంత్రం నానమ్మ బూరెలు వండి వీధంతా పంచిందట. పెద్ద తాతయ్య చాలాకాలం మన గడప తొక్కలేదు.

మరుసటి ఏడే, 1955 డిసెంబరులో, నెహ్రూ గారు నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన చేశారు. కాలువ మన వైపు వస్తుందని విన్నారే గానీ ఏ గట్టు వెంట పోతుందో ఎవరికీ తెలియదు. తర్వాత సర్వే వాళ్లు లెవెల్ పెట్టి, ఎర్ర జెండాలు పాతుకుంటూ వస్తుంటే, తాతయ్య మజ్జిగ ముంత పట్టుకుని గొలుసు లాగేవాళ్ల వెనకాలే తిరిగేవాడట. మజ్జిగకు కాలువ వంగుతుందా? నీరు పల్లమెరుగు. నేల మట్టం ఎక్కడ కలిస్తే ఆ వంపులు పట్టుకునే కాలువ పోతుంది. దానికి దిగువనున్న చేలకు నీరు పారుతుంది, ఎగువనున్న చేలకు పారదు. జెండాలు సరిగ్గా మన చేను దిగువ గట్టు వెంట వచ్చాయి. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు సాగర్ నీళ్లు వదిలారు. ఆ నీళ్లు మన ఊరు చేరాక పెద్ద తాతయ్య చేను మాగాణి అయింది, మనది మెట్టగానే ఉండిపోయింది. కాలువ గట్టు మీద నిలబడితే ఒక పక్క కంది మోళ్లు, ఇంకో పక్క వరి నాట్లు. అది నేనూ చూశాను.

పెద్ద తాతయ్య మంచివాడే, నాకు పలక కొనిపెట్టిన మనిషి. కానీ కాలువ వచ్చాక ఎవరు కనబడినా సేద్యం పాఠాలు చెప్పేవాడు. "భూమిని ఎంచుకోవడంలోనే ఉందిరా అంతా" అనేవాడు. తాను ఎంచుకున్నట్టు! మన కాలనీలోనూ ఈ రకం లేకపోలేదు. కొడుక్కి మొదటిసారే లాటరీ తగిలిన ఒకాయన పొద్దున నడకకు వచ్చి, పిల్లల్ని ఎలా పెంచాలో మాకు బోధిస్తున్నాడు. నేను ఈమధ్య వేరే వీధిలో నడుస్తున్నాను.

తాతయ్య అక్కను ఒక్క మాట అనలేదు. మిగతా అందరూ అన్నారు. మొదట చేతికొచ్చిన చీటీ ఉంచుకుని ఉంటే ఎంత బాగుండేదని, దీని చేతి చలవ అని ఎకసెక్కాలాడారు. పెద్ద పెద్ద ఇంజనీర్లకే కాలువ ఎటు పోతుందో తేలని రోజుల్లో అయిదేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది? అయినా అక్క ఆ మాటలు నమ్మింది. మొన్న వాళ్ల అపార్ట్‌మెంట్‌లో కార్లు నిలుపుకునే చోట్లకు చీటీలు వేశారట. పెద్దవారు మీరు ముందు తీయండి అంటే, చెయ్యి కొంగు కింద దాచుకుని "నా చెయ్యి మంచిది కాదు" అందట. 76 ఏళ్ల మనిషి. బావ నవ్వుతూ చెప్పాడు గానీ నాకు కోపం వచ్చింది.

మెట్ట సేద్యంతో ఇంతమందిమి బతకలేమని తాతయ్య నన్ను గుంటూరులో పాలిటెక్నిక్‌లో వేశాడు. ఉద్యోగం ఎక్కడ వచ్చింది? లింగంగుంట్ల సాగర్ కాలువల ఆఫీసులో. మన చేనుకు చుక్క నీరు ఇవ్వని కాలువ మనకు జీతం ఇచ్చింది, ఆ జీతమే నీ ఇంజనీరింగ్ ఫీజు. అలాగని అంతా మన మంచికే జరిగిందని చెప్పబోవడం లేదు. అలా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. మాగాణి మనకు వచ్చి ఉంటే తాతయ్య అన్ని అప్పులు చేసేవాడు కాదు, నానమ్మకు సకాలంలో వైద్యం అందేది. నష్టం నష్టమే. అది అక్క చేసిన నష్టం కాదు, అంతవరకే నా మాట.

ఉపన్యాసం మొదలైంది అనుకుంటున్నావు కదూ. ఇంకో పేజీ భరించు.

మీ అమ్మ ఫిబ్రవరిలో చిలుకూరు వెళ్లి బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వచ్చింది. నీకు చెప్పొద్దంది, నేను చెప్పేశాను. కోరిక తీరితే 108 చెయ్యాలి. ఆ మోకాళ్లతో 108 ఎలా తిరుగుతుందని నా దిగులు, తిరిగే రోజు రావాలని ఆమె దిగులు. పిన్ని వెళ్లిపోయాక దేవుడి పటం వైపు ఒకటే చూపు. "ఆయన్ను ఏమీ అనకు, ఆయన దగ్గర కూడా పెద్ద కుప్పే ఉంటుంది" అన్నాను. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

ఇప్పుడు ఆ కాలేజీ సంగతి. చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఆశపెట్టే కాలేజీలన్నీ దొంగవని నేను అనను. కానీ 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ గుట్టు బయటపడ్డాక మన పిల్లలు కొందరి కాళ్లకు, ఎక్కడ తిరుగుతున్నారో కనిపెట్టే రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అయితే అక్కడి ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి కాలేజీ. పట్టుబడినవారిలో చాలామంది తెలుగు పిల్లలే. చీటీ రాకపోతే నిన్ను వేలెత్తి చూపేవాళ్లు లేరు. కాగితం తప్పయితే మాత్రం ఎవరూ ఊరుకోరు. లేని అనుభవం ఉన్నట్టు రాసిపెట్టే కన్సల్టెన్సీల సంగతి కూడా ఇంతే. చేరే ముందు నాకు ఆ కాలేజీ పేరు పంపు, నేను చూస్తాను. నాకు ఏం తెలుస్తుందని అనకు, టెండరు కాగితాలు చదివినవాడికి దొంగ కాగితం వాసన తెలుస్తుంది.

వచ్చే ఫిబ్రవరి దాకా అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి నీకు గడువుంది, ఆపైన 60 రోజులు ఉండనిస్తారు. ఆలోచించుకోవడానికి చాలు. మీ కంపెనీకి హైదరాబాద్‌లో ఆఫీసు ఉందని నువ్వే అన్నావు. ఇక్కడ ఏడాది చేసినవాళ్లను వేరే వీసా మీద మళ్లీ తీసుకెళ్లే పద్ధతి ఉందట. కెనడా అంటే కెనడా. ఊరికే వచ్చి నాలుగు నెలలు పడుకుని లేస్తానన్నా సరే. నీ గది బీరువాలో మీ అమ్మ పట్టుచీరలు సర్దింది, ఖాళీ చేయిస్తాను.

అప్పు గురించి బెంగ పెట్టుకోకు. బ్యాంకు లోను నువ్వు అనుకుంటున్నంత మిగిలి లేదు. రిటైరయినప్పుడు వచ్చినదాంట్లో కొంత నేను కట్టేశాను. ఎందుకు కట్టావని పోట్లాడకు, వడ్డీ కలిసొచ్చింది.

విజయవాడ సంబంధం వాళ్లు మధ్యవర్తి చేత "అమ్మాయికి హెచ్1బీ వచ్చిందా" అని అడిగించారు. అమ్మాయి ఎలాంటిదని అడగని ఇంటికి పిల్లనివ్వమని చెప్పి పంపేశాను. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

శనివారం నీకు ఉదయం తొమ్మిదయ్యేసరికి మాకు రాత్రి ఏడున్నర. ఆ వేళకు మీ అమ్మ గుడికి వెళుతుంది. నాకు ఫోను చెయ్యి. వచ్చిందో, రాలేదో, ఏమీ లేదో, ఏదైనా సరే. మీ అమ్మకు చెప్పే పని నాది, పిన్నికి చెప్పే పని మీ అమ్మది.

పార్సిల్‌లో ఆవకాయ, కందిపొడి, కరివేపాకు కారం వస్తున్నాయి. ఆవకాయ రెండు కవర్లలో కట్టించాను, అయినా బట్టల మీద పెట్టి విప్పకు. పన్ను నొప్పి అన్నావు, దానికి బీమా వర్తిస్తుందో లేదో ఉద్యోగం ఉండగానే కనుక్కుని చూపించుకో. వాయిదా వెయ్యకు.

ఉంటాను.

నాన్న

తా.క.: ఉగాదికి పెట్టిన ఫొటోలో చిక్కిపోయినట్టున్నావు. అది ఫోను కెమెరా తేడా అని మీ అమ్మకు సర్దిచెప్పాను. నువ్వుల పొడి కూడా వేశాను, అది ఇడ్లీలోకి కాదు, అన్నంలోకి. నెయ్యి వేసుకుని తిను.