పిల్లల ప్రశ్నలకు సంఘంలో చోటు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి సెలవుల్లో ఒంగోలు చుట్టుపక్కల ఏ క్రైస్తవ సంఘంలో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) పెట్టినా చర్చి ఆవరణ చాలనంత మంది పిల్లలు వస్తారు. పాటలు, కంఠతా పట్టే బంగారు వాక్యాలు, చివరి రోజు ప్రోగ్రాం, అంతా కళకళలాడుతూ ఉంటుంది. అదే పిల్లలు పదో తరగతి దాటాక ఆదివారం ఆరాధనలో కనిపించడం మానేస్తున్నారు. నెల్లూరు, కావలి, కందుకూరు సండే స్కూల్ టీచర్లతో మాట్లాడినా ఇదే బాధ. ఫోన్లు పాడుచేశాయి, లోకం లాగేసుకుంది అని పెద్దలు తేల్చేస్తున్నారు. నాకు ఆ మాట సరిపోదు. ఆ పిల్లల్లో చాలామంది దూరమయ్యే ముందు మనల్ని ఏదో ఒకటి అడిగారు. వాళ్లకు జవాబు దొరకలేదు. కొందరికి చీవాట్లు దొరికాయి.

ఎలాంటి ప్రశ్నలో చెప్తాను. "నా ఫ్రెండ్ వాళ్లింట్లో వెంకటేశ్వరస్వామికి మొక్కుతారు. తను నాకంటే మంచిది. మరి తన సంగతేంటి?" "బయాలజీ మేడం చెప్పింది వేరు, ఆదికాండంలో ఉన్నది వేరు. ఏది నమ్మాలి?" "అందరం ఉపవాసముండి ప్రార్థించినా అమ్మమ్మ బతకలేదు. మా విశ్వాసం చాలలేదా?" ఈ మూడో ప్రశ్న అడిగే పిల్ల గుండెలో ఎంత బరువుందో ఆలోచించండి. స్వస్థత సభల పోస్టర్లు చూస్తూ పెరిగిన పిల్ల అది. అలాంటి పిల్లకు "దేవుణ్ణి ప్రశ్నించకూడదు" అని చెప్పి పంపేస్తే వచ్చే ఆదివారం ఎందుకు వస్తుంది? పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని, వాళ్లు చెప్పేది వింటూ, వాళ్లను ప్రశ్నలు అడుగుతూ ఉన్నాడని లూకా సువార్త రెండో అధ్యాయంలో చదువుతాం. ఆ బోధకులు ఆశ్చర్యపోయారే గాని ఆయన్ని కసిరి కూర్చోబెట్టలేదు.

మన జిల్లాల్లో విశ్వాసం ఎలా పాకిందో కూడా మనం పిల్లలకు చెప్పడం లేదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాక పాతికేళ్ల పాటు సంఘం చాలా చిన్నదిగానే ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ మీద మోకరించినవాళ్లు ఐదుగురే. మిషనరీలు జ్యూయెట్ దంపతులు పోను మిగతా ముగ్గురూ తెలుగువాళ్లు. తర్వాత తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు తమ మాటల్లో తమ వాళ్లకు చెప్పుకుంటూ వెళ్లారు. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువ మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు ఒంగోలు మిషనరీ క్లౌ దొర తీసుకున్నారు. పని చూసే మేస్త్రీలుగా తెలుగు బోధకులనే పెట్టారు. పని ఆగినప్పుడల్లా కూలీలు వాళ్ల చుట్టూ చేరి అడిగేవారు, వాళ్లు చెప్పేవారు. కూడు కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని కరువు పనులు నడిచినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాకే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు.

ఆ 2,222 అంకె మన సభల్లో మైకులో మోగుతుంది. దాని వెనక ఎండలో కూర్చుని ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు చెప్పిన బోధకుల సంగతి మాత్రం మోగదు. పిల్లలకు కావలసింది ఆ రెండోది. ఇప్పుడు సంఘాల్లో కీబోర్డులు వచ్చాయి, ఎల్ఈడీ తెరలు వచ్చాయి, సౌండ్ సిస్టమ్‌కు లక్షలు పెడుతున్నాం. యవ్వనస్తుల కూడికంటే రెండు పాటలు, గంట ప్రసంగం, ప్రార్థన. అందులో యవ్వనస్తులు నోరు తెరిచేది పాట పాడటానికే.

చదువుల సంగతి ఒకటి ప్రభుత్వం, కాలేజీలు కూడా వినాలి. పదో తరగతి కాగానే మన పిల్లలు నెల్లూరులోనో విజయవాడలోనో రెసిడెన్షియల్ కాలేజీల్లో చేరుతున్నారు. ఆదివారం సెలవు క్యాలెండర్‌లోనే ఉంటుంది. చాలాచోట్ల ఆ రోజు స్టడీ అవర్లు, వారం పరీక్షలు పెడుతున్నారు. చర్చికి వెళ్తామంటే అవుటింగ్ ఇవ్వరు. రెండేళ్ల పాటు ఆరాధన లేని పిల్లవాడు ఆ తర్వాత బీటెక్‌కి, ఆపైన బెంగళూరుకి వెళ్తాడు. ఇక అలవాటు ఎక్కడ మిగులుతుంది? ఆదివారం ఉదయం రెండు మూడు గంటలు, కావాలనుకున్న పిల్లలకు, తల్లిదండ్రుల సంతకంతో అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను. ముస్లిం పిల్లలకు శుక్రవారం నమాజుకూ ఇలాగే ఇవ్వాలి. ఏ నమ్మకమూ లేని పిల్లల్ని ఆ సమయంలో హాయిగా నిద్రపోనివ్వండి, వాళ్లకూ ఆ విశ్రాంతి అవసరమే.

సెక్యులర్ అన్న మాట వింటేనే మన పెద్దల్లో కొందరికి భయం. నాకు ఆ భయం లేదు. రాజ్యాంగం 25వ అధికరణం శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు అందరికీ ఇచ్చింది. 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ వద్దంది. అంటే ఆ బాధ్యత ఇంటికీ సంఘానికీ వదిలింది. నెల్లూరు బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగకు అన్ని మతాలవాళ్లూ వచ్చి రొట్టెలు మార్చుకుంటారు. మన పిల్లలు పెరిగే ఊళ్లు అలాంటివి. పక్కింటివాళ్ల దేవుణ్ణి తిట్టి మన పిల్లలను మనతో ఉంచుకోలేం. యూట్యూబులో అలా తిట్టే ప్రసంగాలు కొందరు పెద్దలే షేర్ చేస్తున్నారు. అవి చూసి పిల్లలు సిగ్గుపడుతున్నారు, వాళ్ల ఫ్రెండ్స్ ముందు తలెత్తుకోలేకపోతున్నారు.

ఇంకో రెండు విషయాలు సంఘాల్లో గుసగుసగా మాట్లాడుకుంటారు. ఒకటి కులం. క్రీస్తులో అందరూ ఒక్కటే అని వేదిక మీద చెప్పి, పెళ్లి సంబంధం దగ్గర మాలా మాదిగా అని విడిపోవడం పిల్లలు చూస్తూనే ఉన్నారు. పేటను బట్టి చర్చి ఎందుకు మారుతుందో వాళ్లకు తెలుసు. ఈ విషయంలో జవాబు చెప్పాల్సింది మనం, నేర్చుకోవాల్సిందీ మనమే. రెండోది కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు తప్ప ఎస్సీ హోదా లేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సీలో పెట్టారు, అక్కడ ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారినంత మాత్రాన ఊళ్లో వివక్ష ఆగదు, హోదా మాత్రం పోతుంది. అందుకే ఎన్నో ఇళ్లలో కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి. ఇంటర్ పిల్ల "మరి మనం ఎవరం?" అని అడిగితే "గట్టిగా మాట్లాడకు" అంటున్నాం. ఆ పిల్లకు చట్టం ఏం చెబుతోందో, అందులో అన్యాయం ఎక్కడుందో, తాతలు ఏం పోగొట్టుకుని ఏం నిలబెట్టుకున్నారో కూర్చోబెట్టి చెప్పాలి. దాపరికంలో పెరిగిన విశ్వాసం ఆ పిల్లకు బరువే అవుతుంది.

బైబిల్లోని యువ సేవకుడు తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పౌలు రాశాడు. మన ఇళ్లలో కూడా అంతే, అవ్వలకు తెలిసినన్ని సాక్ష్యాలు ఏ దైవజనుడికీ తెలియవు. కరువులో, జబ్బులో, అప్పుల్లో దేవుణ్ణి పట్టుకుని బతికిన ఆ మనుషుల మాట ముందు రీల్స్ నిలబడవని నా నమ్మకం. కానీ వాళ్లను మనం ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడుతున్నామే తప్ప, మనవళ్ల పక్కన కూర్చోబెట్టడం లేదు.

సంఘ కమిటీలకు నా విన్నపం ఇది. నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక మైకు ఆపేసి, యవ్వనస్తులతో గుండ్రంగా కూర్చోండి. సంఘంలోని డాక్టరును, సైన్స్ టీచరును, లాయరును, ఒక అవ్వను పిలవండి. పాస్టర్ గారు జవాబు తెలియని చోట "తెలుసుకుని చెప్తాను" అంటే ఆయన గౌరవం పెరుగుతుంది. డిసెంబరు చివర్లో పిల్లలు హాస్టళ్ల నుంచి, ఉద్యోగాల నుంచి ఇళ్లకు వస్తారు. క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్ స్టేజీ ఖర్చు కొంత తగ్గించుకుని, ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం పూర్తిగా వాళ్ల ప్రశ్నలకు కేటాయించాలని, ఆ తేదీ ఇప్పుడే వేసుకుని పిల్లలకు ముందుగా ఫోన్ చేసి చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఒంగోలు