బాయ్‌కాట్ అంటే ఆడకపోవడం కూడా

ఎడిటర్ గారికి,

కొందరు కంపెనీ మీద కోపంతో వీడియో గేమ్ కొనడం మానేశాం అంటారు, బానే ఉంది, కానీ అదే గేమ్ క్రాక్ వెర్షన్ (లాక్ తీసేసిన దొంగ కాపీ) దించుకుని తెల్లారేదాకా ఆడేసి దాన్ని బాయ్‌కాట్ అంటే ఎలా అండీ? వదులుకున్నదేముంది అందులో. పైగా అమ్మకాలు తగ్గితే వాళ్లు తప్పంతా పైరసీ మీదకి తోసేసి ఇంకో డీఆర్ఎం (కాపీ కొట్టకుండా గేమ్‌కి వేసే తాళం) తగిలిస్తారు, ఆ తిప్పలన్నీ డబ్బు పెట్టి కొన్నోడికే. 2008లో స్పోర్ అనే గేమ్‌ని మూడుసార్లే యాక్టివేట్ చేసుకోవాలని లిమిట్ పెడితే జనం అమెజాన్‌లో వన్ స్టార్ రివ్యూలతో దుమ్మెత్తిపోశారు, కంపెనీ దాన్ని ఐదు చేసింది (అదీ ఓ దయేలెండి).

అయితే 2014లో వచ్చిన ది క్రూ అనే ఆన్‌లైన్ రేసింగ్ గేమ్ సర్వర్లు 2024 మార్చిలో ఆపేశాక కొన్నవాళ్లకి కూడా ఆట లేదు, అలాంటిదాన్ని ఎవరైనా కిందామీదా పడి మళ్లీ నడిపించుకుంటే నేనైతే దొంగతనం అనను. నిన్న రిలీజైన గేమ్‌కి అదే సాకు చెప్తే మాత్రం ఒప్పుకోను.

ఇట్లు,
ఒక పాఠకుడు