మా చెరువుకు నీరుగంటి కావాలి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు చెరువుల చుట్టూ నడకదారులు, దీపాలు, కంచెలు ఏర్పాటు చేస్తున్నారని ఇటీవల మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. సర్జాపుర రోడ్డు ప్రాంతంలో ఒక చెరువును ఆనుకొని పదకొండేళ్లుగా ఉంటున్నవాడిగా, మా చెరువుకు నీరుగంటి, అంటే దాని నీటిని చూసుకునే ఒక బాధ్యుడు, కావాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నడకదారిని నేను తప్పుపట్టడం లేదు. రోజూ ఉదయం దాని మీద నడిచేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే చెరువు బాగుపడిందో లేదో ఆ దారి మీద నడిస్తే తెలియదు, నీరు లోపలికి వచ్చే మూలన, బయటికి పోయే అలుగు దగ్గర నిలబడి చూడాలి.

మా చెరువులోకి రాజకాలువ, అంటే వాననీటిని చెరువుకు చేర్చే పెద్ద కాలువ, ఒక కల్వర్టు కింద నుంచి వస్తుంది. నడివేసవిలో కూడా అందులో మోకాలి లోతు నల్లని నీరు పారుతూనే ఉంటుంది. చినుకు పడని నెలలో పారేది వాననీరు కాదని, ఎగువనున్న ఇళ్ల మురుగేనని తెలుసుకోవడానికి ఏ పరీక్షా అక్కరలేదు. గత ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున ఆ మూలన చేపలు తెల్లని పొట్టలతో వెల్లకిలా తేలి, గుర్రపుడెక్క సందుల్లో ఇరుక్కొని కనిపించాయి. వల వేసే మనిషి వాటిని గంపలకెత్తుతూ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మురుగు కుళ్లే క్రమంలో నీటిలోని ఆక్సిజన్ తరిగిపోతుంది, రాత్రివేళ నాచు కూడా ఉన్నదాన్ని పీల్చుకుంటుంది. అందుకే ఇలాంటి చావులు ఎక్కువగా తెల్లవారేసరికి బయటపడతాయి.

ఫిర్యాదు పట్టుకొని వెళితే ఒక కార్యాలయంలో చెరువు తమదే గాని కాలువ తమది కాదన్నారు. రెండో చోట మురుగు పైపులు తమవే గాని అవి కాలువలో ఎవరు కలిపారో తమకు తెలియదన్నారు. మూడో చోట నీటి నమూనా తీసుకోగలమని, చర్య మాత్రం మొదటి ఇద్దరే తీసుకోవాలని చెప్పారు. ఏడు నెలలు ఇలాగే గడిచాయి.

మాది కడప జిల్లాలో పోరుమామిళ్ల దగ్గరి పల్లె. అక్కడి పెద్ద చెరువును విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించాడని 1369 నాటి శాసనం చెబుతోంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలతో పాటు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను కూడా అందులో చెక్కించారు. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఆ దోషాలలో ఒకటి. చిన్నప్పుడు ఆ మాట విని ఏదో యుద్ధాల భయం కాబోలు అనుకున్నాను. మూడు కార్యాలయాల మెట్లెక్కిన తరువాత గాని దాని అర్థం నాకు బోధపడలేదు.

ఈ దోషానికి నగరం ఇప్పటికే మూల్యం చెల్లించింది. 2018 జనవరిలో బెళ్లందూరు చెరువు అంటుకున్నప్పుడు మంటలార్పడానికి సైనికులు సైతం దిగవలసి వచ్చింది. 2022 సెప్టెంబరు వానలకు మా ప్రాంతంలో జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తెచ్చారు. మా గేటు స్తంభం మీద ఆ నీటి గీత ఇంకా ఉంది. పొలాలు పోయాక, వాటికి నీరు వదిలే తూములు ఇక్కడ చాలా చెరువుల్లో పనిచేయడం మానేశాయి. ఏడాదంతా మురుగుతో నిండి ఉన్న చెరువులో కొత్త వాననీటికి చోటెక్కడిది?

మా పల్లెలో చెరువు తూము తీయడం, మూయడం నీరుగంటి పని. కన్నడంలోనూ ఆయన పేరు నీరుగంటే. వాన రాకముందు చెరువును ఎంత ఖాళీ చేయాలో, కాలువకు ఎక్కడ గండి పడిందో, ఎవరు అడ్డుకట్ట వేశారో ఆయనకు తెలిసేది. ఏదైనా జరిగితే ఊరంతా ఆయన ఇంటికే వెళ్లేది. ప్రతి చెరువుకూ అలాంటి ఒక బాధ్యుణ్ణి జీతమిచ్చి నియమించాలని, రాజకాలువ మొదలుకొని అలుగు దాకా ఒకే కార్యాలయం కిందికి తేవాలని, ఆ కార్యాలయం పేరు, ఫోన్ నంబరు కట్ట మీద బోర్డుపై రాయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. చెరువులో మురుగు కలవకుండా చూడటం జరగని పనేమీ కాదు. ఇదే నగరంలోని జక్కూరు చెరువులోకి మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని మొదట రెల్లు, జమ్ము పెరిగే చిత్తడిలో పారించి, ఆ తరువాతే చెరువులో కలుపుతున్నారు.

అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మన తెలుగువాళ్లకు కూడా ఒక మనవి. వచ్చే సంఘ సమావేశంలో మీ మురుగు శుద్ధి యంత్రం రాత్రిళ్లు నడుస్తోందా, లేక కరెంటు ఖర్చుకు భయపడి ఆపేసి ట్యాంకులోని మురుగును నేరుగా కాలువలోకి వదులుతున్నారా అని అడగండి. మా సంఘంలో నేను ఆ ప్రశ్న అడిగిన రోజు చాలాసేపు ఎవరూ జవాబు చెప్పలేదు. మర్నాటి నుంచి మాత్రం యంత్రం నడుస్తోంది.

ఈ జూన్‌లో వానలు ముదిరేలోగా మా చెరువు అలుగు దగ్గర పేరుకున్న గుర్రపుడెక్కనైనా తీయించాలని, ఆ పని ఏ కార్యాలయానిదో మీ పత్రిక ద్వారానైనా తేల్చి చెప్పాలని సంబంధిత అధికారులను వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
సర్జాపుర రోడ్డు, బెంగళూరు