బిల్లు తెరిచే ముందు

అనకాపల్లి

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, క్రెడిట్ కార్డు బాకీ 80,000 రూపాయలకు చేరిందని చెబుతున్నప్పుడు నీ గొంతు వణికింది. నాకు కోపం రాలేదమ్మా. నాలుగు నెలలుగా బిల్లు మెసేజ్ రావడం ఆలస్యం, చదవకుండా చెరిపేస్తున్నానని నువ్వు అన్న మాటే బాకీ కంటే ఎక్కువగా నన్ను కలతపెట్టింది. ఆ పని ఒకప్పుడు నేనూ చేశాను కాబట్టి, ఫోనులో తీరికగా చెప్పలేకపోయిన సంగతులు ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

నువ్వు ఆరో తరగతి చదివేటప్పుడు, రెండెకరాల చెరుకు కోసమూ బావి పూడిక తీయించడానికీ తెచ్చిన అప్పు పేరుకుపోయింది. బ్యాంకు నుంచి వచ్చిన కవర్లను విప్పకుండా బీరువా మీద పాత పంచాంగం కింద దాచేవాడిని. ఒక కవరు అంచు బయటికి వచ్చి అందులో నా పేరు కనబడుతూ ఉండేది. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా తల పక్కకు తిప్పుకునేవాడిని. ఒక ఆదివారం మీ అమ్మ ఏమీ అనకుండా ఆ ఏడు కవర్లనూ కత్తెరతో వరసగా కోసి, తేదీల ప్రకారం చాప మీద పరిచి, నన్ను పిలిచి కూర్చోబెట్టింది. కట్టవలసింది 1,14,000 రూపాయలు. నా మనసులో అది ఎప్పుడో రెండు లక్షలు దాటిపోయింది. ఎవరూ అడగని సొమ్ముకు భయపడి అన్ని నెలలు నిద్ర పోగొట్టుకున్నాను.

ఆ రోజుల్లో బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతూ మార్కులు తప్పుగా కూడేవాడిని, తెలివి మందగిస్తోందేమోనని దిగులుపడేవాడిని. చాలా ఏళ్ళ తరవాత, తమిళనాడు చెరుకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన గురించి చదివాను. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో, 464 మంది రైతులకు పంట కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకసారి, పంట డబ్బు చేతికి వచ్చాక మరొకసారి ఆలోచనాశక్తికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. అదే మనిషి, అదే బుర్ర. అయినా కోతకు ముందు ఫలితాలు తగ్గాయి. డబ్బు చింత మనసులో చోటంతా ఆక్రమించుకుంటే మిగిలిన పనికి చోటు చాలదు. కాబట్టి ఆఫీసులో ఈ మధ్య చిన్న చిన్న పొరపాట్లు చేస్తున్నానని నిన్ను నువ్వు నిందించుకోకు.

కనుమ పండుగకు మనం బొజ్జన్నకొండ ఎక్కేవాళ్ళం, గుర్తుందా? ఆ రాతి గుహల్లో శతాబ్దాల క్రితం ఉన్న బౌద్ధ భిక్షువుల సంప్రదాయంలోని ఆనాపానసతి ధ్యానం అంటే లోపలికి వచ్చే శ్వాసనూ బయటికి పోయే శ్వాసనూ ఎరుకతో గమనించడమే. నేను దాన్ని చాలా చిన్న పనికి వాడుకున్నాను. లెక్కల పుస్తకం తెరిచే ముందు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, పది శ్వాసలు లెక్కపెట్టేవాడిని. మధ్యలో మనసు వడ్డీ మీదికో, బంధువులు ఏమనుకుంటారో అన్న దాని మీదికో పోయేది. దానితో వాదించకుండా, "ఇది భయం", "ఇది సిగ్గు" అని పేరు పెట్టి, మళ్ళీ శ్వాస దగ్గరికి వచ్చేవాడిని. ఛాతీలో బిగువు పూర్తిగా పోయేది కాదు, కానీ బిగువుతోనే కాగితం చదవగలిగేవాడిని. నీకు కావలసింది కూడా ఆ మాత్రమే. రాత్రి పక్క మీద చింత మొదలైతే, దాన్ని ఒక్క వాక్యంగా చీటీ మీద రాసి, ఆదివారం ఉదయం చూస్తానని పక్కన పెట్టు. ఆదివారం నిజంగా చూడాలి. అప్పుడే మనసు నీ మాట నమ్ముతుంది.

అయితే కళ్ళు మూసుకుని కూర్చుంటే అప్పు తీరదు. మనసు కుదుటపడ్డాక చూడవలసిన లెక్క ఇది. నీ కార్డుకు వడ్డీ నెలకు 3.5 శాతం అన్నావు, అంటే ఏడాదికి 42 శాతం. 80,000 మీద నెలకు 2,800, దాని మీద 18 శాతం జీఎస్టీ 504, మొత్తం 3,304 రూపాయలు. నువ్వు కనీస మొత్తంగా కడుతున్న 4,000లో అసలుకు పోయేది 696 మాత్రమే. బాకీ పూర్తిగా తీరేవరకు కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు కనుక, ఈ కొన్నాళ్ళు ఆ కార్డు వాడకు. ఇంకో పక్క 7 శాతం వడ్డీకి 70,000 డిపాజిట్ ఉంచుకుని, అది ధైర్యమని ముట్టుకోవడం లేదు. అందులో 50,000 మీద నీకు నెలకు వచ్చేది 300 రూపాయల లోపే. అదే 50,000 బాకీకి కడితే నెలకు 2,065 మిగులుతుంది. ముందే తీసుకున్నందుకు డిపాజిట్ వడ్డీ కాస్త తగ్గినా నష్టం లేదు. మిగతా 20,000 ఆపదకు అలాగే ఉంచు. ధైర్యం కోసం దాచిన సొమ్మే నీ చింతను పెంచుతోందని ఒప్పుకోవడానికి మనసుకు కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు.

ఫోనుతో స్కాన్ చేసి ఇచ్చే డబ్బు చేయి దాటినట్టు తెలియదు. రోజూ పడుకునే ముందు ఆనాటి చెల్లింపులు చేత్తో పుస్తకంలో రాయి, ప్రతి దాని పక్కన ఆ సమయంలో మనసు ఎలా ఉందో ఒక్క మాట చేర్చు: ఆకలి, అలసట, ఒంటరితనం. స్నేహితురాలి పెళ్ళికి కొన్న ఆ 9,000 చీర పక్కన ఏ మాట రాస్తావో నువ్వే చూసుకో. నాకు చెప్పనక్కరలేదు. జీతంలో సగం అద్దెకే పోతున్న సంగతి మాత్రం ఏ ధ్యానమూ సరిచేయలేదు. ఇల్లు మారడం గురించి వేరుగా మాట్లాడుకుందాం.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తాను. నాలుగు నెలల బిల్లులూ ముందు పెట్టుకుని కూర్చో, ఇక్కడ నేనూ కాగితం, కలం పట్టుకుని కూర్చుంటాను. మొదటి పది శ్వాసలు ఇద్దరం మాట్లాడవద్దు. ఆ తరవాత పాత బిల్లు నుంచి వరసగా అంకెలు చదువు, నేను రాసుకుంటాను. మీ అమ్మ కొత్త బెల్లం ఒక డబ్బాలో సర్ది ఉంచింది, వచ్చే వారం పంపిస్తాం.

ఇట్లు,
మీ నాన్న