మానవ హక్కుల లాయర్ల మాట వినే పద్ధతి ఒకటి పెట్టండి: కమిషనర్ మెక్‌గ్రాత్ గారికి బహిరంగ లేఖ

యూరోపియన్ కమిషన్‌లో ప్రజాస్వామ్యం, న్యాయం, చట్టబద్ధ పాలన, వినియోగదారుల రక్షణ శాఖలు చూస్తున్న మైఖేల్ మెక్‌గ్రాత్ గారికి,

నమస్కారమండీ. డబ్లిన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళలో నేనొకదాన్ని. ఐర్లాండ్ పౌరసత్వం తీసుకున్నాను, యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేస్తాను, అందుకని మిమ్మల్ని అడిగే హక్కు నాకుంది. ఇదే ఉత్తరం ఇంగ్లీషులో మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. తెలుగులో బయటపెట్టింది ఎందుకంటే, మీ దగ్గర మార్చిన చట్టం గద్వాల, కర్నూలు వైపు చేలల్లో కూలికి పోయేవాళ్ళ దాకా వస్తుంది, ఆ ఊళ్ళ నుంచి వచ్చి యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మావాళ్ళలో చాలామందికి అలాంటి చట్టం ఒకటుందనే తెలియదు.

కంపెనీలు తమ సరఫరాదారుల దగ్గర, ఆ సరఫరాదారుల సరఫరాదారుల దగ్గర మానవ హక్కులకు, పర్యావరణానికి హాని జరగకుండా చూసుకోవాలని చెప్పే డ్యూ డిలిజెన్స్ చట్టం గురించే నేను రాస్తున్నది. 2024లో వచ్చింది, అమలు మొదలుకాకముందే 2025లో సగం చిక్కిపోయింది. ఈ రెండేళ్ళలో మానవ హక్కుల లాయర్ల సంఘాలు యూరోపియన్ యూనియన్ ఆఫీసులుండే బ్రస్సెల్స్‌లో ఏం చేశాయి, వాళ్ళ మాట ఎక్కడ విన్నారు, ఎక్కడ తలుపు వేశారు అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే నాకు చాలా కోపం వచ్చింది, ఆ కోపంతోనే రాస్తున్నాను.

లాబీయింగ్ (చట్టాలు చేసేవాళ్ళను ఒప్పించే పని) అంటే మనవాళ్ళకు సూట్లు వేసుకున్న మనుషులు, పెద్ద హోటళ్ళలో విందులు గుర్తొస్తాయి. ఈ సంఘాల పని మాత్రం చాలావరకు కాగితం పని. పార్లమెంటులో సవరణ పెట్టాలంటే ఎడమ పక్క వరుసలో కమిషన్ రాసిన వాక్యం, కుడి పక్క వరుసలో మార్చాలనుకున్న వాక్యం ఉంటాయి. ఆ కుడి పక్క వరుసకు ముసాయిదా తయారుచేసి, ఏ కేసులో ఏం జరిగిందో, ఈ ఒక్క మాట లేకపోతే కోర్టులో ఏమవుతుందో వివరంగా రాసి, బిల్లు బాధ్యత చూసే ఎంపీకి, మిగతా పార్టీల తరఫున దాన్ని చూసే ఎంపీలకు ఇస్తారు. అక్కడితో పని సగం కూడా కాదు. సభ్యదేశాల ప్రభుత్వాలు కూర్చునే కౌన్సిల్ వేరు, అందుకని బెర్లిన్‌లో, పారిస్‌లో, రోమ్‌లో మంత్రిత్వ శాఖల చుట్టూ కూడా తిరగాలి. చివర్లో కమిషన్, పార్లమెంటు, కౌన్సిల్ ముగ్గురూ తలుపులు వేసుకుని బేరం తేల్చుకునే ట్రైలాగ్ ఉంటుంది, అక్కడ ఏ మాట ఎప్పుడు పోయిందో బయటివాళ్ళకు తెలిసేసరికి పని అయిపోయి ఉంటుంది.

ఆ కాగితం వెనుక ఏముంటుందో ఒక కేసు చెప్తాను. 2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. అక్కడి సరుకులో ఎక్కువ భాగం కొన్నది కిక్ అనే జర్మన్ కంపెనీ. బెర్లిన్‌లోని యూరోపియన్ సెంటర్ ఫర్ కాన్‌స్టిట్యూషనల్ అండ్ హ్యూమన్ రైట్స్ లాయర్ల అండతో నలుగురు, ఒకరు బతికి బయటపడ్డవారు, మిగతావాళ్ళు బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు, 2015లో డార్ట్‌మండ్ కోర్టులో దావా వేశారు. 2019 జనవరిలో కోర్టు కొట్టేసింది. కంపెనీ తప్పు ఉందా లేదా అన్నదాని దాకా పోనేలేదు, పాకిస్తాన్ చట్టం ప్రకారం గడువు దాటిపోయిందన్నారు, అంతే. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) మధ్యవర్తిత్వంతో 2016లో ఆ కంపెనీ 50 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వడానికి ఒప్పుకున్న మాట నిజమే, కానీ బిడ్డ పోయిన తల్లికి కోర్టు నుంచి రావాల్సిన జవాబు రాలేదు.

ఇలాంటి ఓడిపోయిన కేసులు చేతిలో పట్టుకునే ఆ లాయర్లు బ్రస్సెల్స్‌కు వెళ్ళారు. 2024 చట్టంలో దావాకు కనీసం ఐదేళ్ళ గడువు ఉండాలన్న మాట, ఆధారాలు కంపెనీ దగ్గరే ఉంటే వాటిని బయటపెట్టమని కోర్టు ఆదేశించొచ్చన్న మాట, బాధితుల తరఫున కార్మిక సంఘమో స్వచ్ఛంద సంస్థో కేసు నడపొచ్చన్న మాట ఊరికే ఊడిపడలేదు. ఒక్కో వాక్యం వెనుక ఎక్కడో ఒక కోర్టులో తగిలిన దెబ్బ ఉంది. వాళ్ళ దగ్గర ఉన్న సరుకు ఈ అనుభవమే. దీన్ని లాబీయింగ్ అనే పిలవండి, నాకు అభ్యంతరం లేదు, కానీ ఏ కన్సల్టెన్సీ దగ్గరా దొరకని సమాచారం ఇది.

ఆ చట్టం రావడానికి ఎంతకాలం పట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు, మావాళ్ళ కోసం చెప్తాను. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయాక ఫ్రాన్స్‌లో షెర్పా లాంటి లాయర్ల సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి ఏళ్ళ తరబడి పట్టుబడితే 2017లో అక్కడ ఇలాంటి చట్టం వచ్చింది. తర్వాత యూరప్ మొత్తానికి కావాలన్నారు. కమిషన్ అభిప్రాయాలు అడిగితే 2021 ఫిబ్రవరి నాటికి 4 లక్షల 70 వేలకు పైగా జవాబులు వచ్చాయి, ఎక్కువ భాగం ఈ సంఘాలు జనంలో తిరిగి రాయించినవే. 2022లో ముసాయిదా, 2023 డిసెంబరులో ఒప్పందం, ఇక అయిపోయిందనుకుంటుంటే 2024 మొదట్లో జర్మనీ వెనక్కి తగ్గింది, మళ్ళీ బేరం, 500 మంది ఉద్యోగులున్న కంపెనీకి వర్తించాల్సింది 1,000 మంది, 45 కోట్ల యూరోల టర్నోవర్ ఉంటేనే అన్నారు. సరే అనుకున్నారు. పార్లమెంటు ఓటేసిన రోజు 2024 ఏప్రిల్ 24, రానా ప్లాజా కూలి సరిగ్గా పదకొండేళ్ళు.

పదేళ్ళు పట్టిన పనిని తిరగరాయడానికి మీ కమిషన్ ఎంత టైం తీసుకుంది? 2025 ఫిబ్రవరి 26న ఆమ్నిబస్ (కొన్ని చట్టాలను ఒకేసారి మార్చే మూట) పేరుతో సవరణలు తెచ్చారు. ప్రభావం ఎలా ఉంటుందో ముందుగా అంచనా వేసే నివేదిక లేదు, బహిరంగ అభిప్రాయ సేకరణ లేదు, ముందు పిలిచిన సమావేశాల్లో ఎక్కువమంది పరిశ్రమ వాళ్ళే. కమిషన్‌లోని సొంత విభాగాలకే దాన్ని చదివి అభిప్రాయం చెప్పడానికి ఒక వారాంతంలో 24 గంటలు కూడా ఇవ్వలేదు. ఎనిమిది సంఘాలు కలిసి ఏప్రిల్‌లో యూరోపియన్ ఆంబుడ్స్‌మన్‌కు, అంటే యూరోపియన్ యూనియన్ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి, ఫిర్యాదు చేశాయి. విచారణ జరిపి నవంబరులో ఆంబుడ్స్‌మన్ తెరెసా అంజీన్యో గారు మీ కమిషన్ పద్ధతిలో పాలనా లోపం ఉందని తేల్చారు. ఇంత పెద్ద మాట పడ్డాక కూడా బండి ఆగలేదు. డిసెంబరులో పార్లమెంటు, కౌన్సిల్ రాజీకొచ్చాయి. ఇప్పుడు 5,000 మంది ఉద్యోగులు, 150 కోట్ల యూరోల టర్నోవర్ ఉంటేనే చట్టం వర్తిస్తుంది. కోర్టుకు వెళ్ళే బాధితులకు యూరప్ అంతటా ఒకే రకమైన హక్కు ఉండాలన్నది పోయింది, ఏ దేశానికి ఆ దేశం చూసుకోవాలట. అమలు 2029కి వాయిదా పడింది. కరాచీ తల్లిదండ్రుల కేసు లాంటివాటి నుంచి నేర్చుకుని రాసిన భాగానికే దెబ్బ తగిలిందన్నమాట.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. నేరుగా కాంట్రాక్టు ఉన్న సరఫరాదారుడి దగ్గరే ఆగిపోవచ్చని మీరు మొదట ప్రతిపాదించింది చివరి ఒప్పందంలో నిలబడలేదు, ముప్పు ఎక్కడ ఎక్కువో అక్కడ చూడాలన్న సూత్రం మిగిలింది. దీనికోసం ఈ సంఘాలు ఎంత మొత్తుకున్నాయో నేను చూశాను. ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే మా వైపు ఒకసారి చూడాలి.

గద్వాల వైపు సీడ్ పత్తి పండిస్తారు. బట్టల కోసం కాదు, విత్తనం కోసం. క్రాసింగ్ సీజన్‌లో సాయంత్రం పూట ఆడ చెట్ల మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని ఒక్కొక్కటే పట్టుకుని, రేకులు గిల్లి, లోపలి కేసరాలు గోటితో తీసేసి, గుర్తుకు రంగు కాగితం ముక్క పెడతారు. మర్నాడు పొద్దున్నే మగ పూలు తెంపుకొచ్చి ఆ పుప్పొడి అంటిస్తారు. మిషన్ చేసే పని కాదిది, వేళ్ళతోనే చెయ్యాలి, రోజూ చెయ్యాలి, వారాల తరబడి వంగి చెయ్యాలి, మందు కొట్టిన చేలోనే చెయ్యాలి. చెట్టు ఎత్తు పిల్లలకు సరిపోతుంది, చిన్న వేళ్ళు చురుగ్గా ఆడతాయి, పిల్లలకు కూలి తక్కువ. బడి మానిపించి వాళ్ళను దింపింది అందుకే. మా అత్తమ్మ ఈ పనిలోనే నడుము పోగొట్టుకుంది. ఇక కంపెనీకి, ఆమెకు మధ్య ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి: విత్తన కంపెనీ, దాని కింద ఆర్గనైజర్, ఆయన కింద సబ్ ఆర్గనైజర్, ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకున్న రైతు, రైతు దగ్గర కూలి. కాంట్రాక్టు కాగితం మీద రైతు పేరే ఉండటం కష్టం, కూలి పేరు ఎక్కడుంటుంది? మొదటి మెట్టు దగ్గర ఆగిపోయే చట్టం మా అత్తమ్మ దాకా ఎప్పటికీ రాదు.

బయటి ఒత్తిడి పనిచేస్తుందనీ మేం చూశాం. 2003లో నెదర్లాండ్స్‌లోని ఒక సంస్థ కోసం అప్పటి ఆంధ్రప్రదేశ్ విత్తన పత్తి చేలల మీద చేసిన అధ్యయనం బయటకొచ్చి, అందులో బహుళజాతి కంపెనీలకు విత్తనం పండించే చేలల్లో పిల్లలున్నారని యూరప్‌లో గొడవైంది. అప్పుడు కంపెనీలు హైదరాబాద్‌లోని పిల్లల హక్కుల సంస్థ ఎం.వి. ఫౌండేషన్‌తో కూర్చుని మాట్లాడాయి, పిల్లల్ని పెట్టని రైతుకు బోనస్, పెడితే కోత అనే పద్ధతులు మొదలయ్యాయి. సమస్య తీరిపోయిందని అనను, తీరలేదు. కానీ స్థానికంగా ఏళ్ళ తరబడి అడిగినవాళ్ళకు దొరకని జవాబు, కంపెనీల సొంత గడ్డ మీద అడిగేసరికి దొరికింది. అక్కడ అడగడానికి చట్టం అండ ఉండాలనే కదా ఈ పోరాటమంతా.

ఇప్పుడు అవతలి మాట. 2025 అంతా యూరోపియన్ యూనియన్ నిధులు తీసుకునే సంస్థలు లాబీయింగ్ చేయడమేంటని పార్లమెంటులో రగడ జరిగింది, పరిశీలనకు వర్కింగ్ గ్రూపు కూడా వేశారు. 2022 డిసెంబరులో ఖతర్ గేట్ (యూరోపియన్ పార్లమెంటులో లంచాల కుంభకోణం) బయటపడినప్పుడు మానవ హక్కుల పేరు పెట్టుకున్న ఒక సంస్థ కూడా అందులో ఇరుక్కుంది. కాబట్టి లెక్కలు అడగండి, తప్పకుండా అడగండి. డబ్బు ఎవరిచ్చారో, ఎవర్ని కలిశారో, ఏ వాక్యం మార్చమన్నారో అన్నీ లాబీయింగ్ చేసేవాళ్ళ వివరాలుండే ట్రాన్స్‌పరెన్సీ రిజిస్టర్‌లో పెట్టమనండి. అదే కొలత చమురు కంపెనీలకు, వాణిజ్య సంఘాలకు, వాళ్ళ తరఫున వచ్చే లా ఫర్ములకు కూడా పెట్టండి. నిధులు ఆపేస్తే నష్టపోయేది ఎవరు? పెద్ద కంపెనీకి బ్రస్సెల్స్‌లో ఆఫీసు అద్దె ఒక ఖర్చే కాదు. గద్వాల కూలి తరఫున అక్కడ కూర్చునేవాడికి మాత్రం రేపు జీతం ఉంటుందో లేదో అని టెన్షన్.

ఆ సంఘాల మీద నాకూ ఒక ఫిర్యాదుంది, దాచను. వాళ్ళ పత్రాల్లో మావాళ్ళు 'బాధిత సమూహాలు' అయిపోతారు, మనుషులుగా కనబడరు. మీ అభిప్రాయ సేకరణ యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఉంటుంది, పన్నెండు వారాల గడువు, కంప్యూటర్‌లో నింపాలి. తెలుగులోనో, బెంగాలీలోనో, ఉర్దూలోనో ఒక కార్మికురాలు తన సంగతి తానే చెప్పుకునే దారి లేదు, అందుకే లాయరు మధ్యలోకి వస్తున్నాడు. ఇందులో సంఘాల తప్పు కొంత, మీ పద్ధతి తప్పు చాలా.

అందుకని నేను అడిగేది ఇది. ఈ చట్టం అమలుకు మార్గదర్శకాలు రాయాల్సింది మీ కమిషనే. సరఫరాదారుల దగ్గర ఏం చూడాలి, ఎలా చూడాలి అన్నది అసలు తేలేది ఆ కాగితంలోనే. అది రాసేటప్పుడు పరిశ్రమతో ఎన్ని సమావేశాలు పెడతారో, బాధితుల కేసులు నడిపిన లాయర్లతో, సరుకు పండించే దేశాల కార్మిక సంఘాలతో అన్ని సమావేశాలు పెట్టండి. వచ్చేవాళ్ళకు అనువాదకుణ్ణి మీరే ఇవ్వండి, రాలేనివాళ్ళ మాట వాళ్ళ భాషలో రికార్డు చేసి పంపితే తీసుకోండి. ఎవరి సూచన తీసుకున్నారో, ఎవరిది వదిలేశారో, ఎందుకో, కాగితం మీద పెట్టి అందరికీ చూపించండి. 2025 నవంబరులో పౌర సమాజం కోసం ఒక వేదిక పెడతామని మీరే ప్రకటించారు కదా, దానికి మొదటి పనిగా ఇదే అప్పగించండి. ఇక అత్యవసరం అనే మాట వాడి అభిప్రాయ సేకరణ ఎగ్గొట్టడం ఆగాలి, ఆంబుడ్స్‌మన్ చెప్పింది కూడా అదే.

ఇంకోటి. కోర్టుకు వెళ్ళే హక్కును ఏ దేశానికి ఆ దేశం చూసుకోవాలన్నారు కాబట్టి, ఏ దేశంలో ఎన్ని కేసులు గడువు దాటిందని, ఆధారాలు లేవని పోయాయో కమిషనే లెక్క రాసి ప్రతి ఏడాదీ బయటపెట్టాలి. మళ్ళీ సమీక్ష వచ్చినప్పుడు ఆ లెక్క బల్ల మీద ఉండాలి. 2026 జూలై నుంచి ఆరు నెలలు కౌన్సిల్ అధ్యక్షత మన ఐర్లాండ్‌దే. ఈ విషయం డబ్లిన్‌లో మీరు అడిగితే వింటారు, మేమూ మా టీడీలను (ఐర్లాండ్ పార్లమెంటు సభ్యులను) అడుగుతాం.

జవాబు ఇంగ్లీషులో ఇచ్చినా చాలు. తెలుగు చేసి గద్వాలకు నేను పంపుతాను.

ఇట్లు,
డబ్లిన్ నుంచి ఒక తెలుగు ఓటరు